అడుగు కనబడని పాలగిన్నె

ఇవాళ పొద్దున మా కోడలు పాల ప్యాకెట్ చింపి ముక్కు దగ్గర పెట్టుకుంది. "అత్తమ్మా, జర వాసన చూడుండ్రి, నాకైతే డౌటుగుంది" అని నా ముందుకు చాపింది. నాకు నవ్వాగలేదు. పాలను అనుమానించడంలో మా అత్తమ్మను మించిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఆవిడే ఉంటే ప్యాకెట్‌నే కాదు, దాన్ని మోసుకొచ్చిన ఆటోను కూడా నిలదీసేది.

డెబ్బైల చివరి మాట ఇది. వరంగల్‌లో రెండు గదుల అద్దె ఇల్లు మాది. మా పెద్దవాడు ఇంకా పాకే వయసులో ఉన్నాడు. నా పాలు చాలక బర్రెపాల మీదే పెరుగుతున్నాడు. ఆ ఎండాకాలం ఏం పుట్టిందోగాని, పొయ్యి మీద పెట్టిన పాలు పెట్టినట్టే విరగడం మొదలైంది. విరగని రోజు నాలుగు చెంచాలు పడితే చాలు, పిల్లవాడికి విరేచనాలు. బుగ్గలు పీక్కుపోయి, ఏడవడానికి కూడా ఓపిక లేక వాడు నా భుజం మీద వాలిపోతుంటే నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు. దవాఖానలో డాక్టరమ్మ చూసి, "పాలల్ల క్రిములున్నట్టున్నయ్, జర జాగ్రత్త. పోరడు బాగ నీరసపడ్డడు" అంది. అత్తమ్మకు ఆ మాట చాలు. క్రిములు వాటంతటవి రావు, ఎవరో కలిపితేనే వస్తాయని ఆవిడ నమ్మకం.

మొదటి అనుమానం పాలాయన మీద. మడికొండ నుంచి సైకిల్‌కు క్యాన్లు కట్టుకుని వచ్చే నెమ్మదస్తుడు. "ఏ కుంట నీళ్లు కలిపినవ్, నిజం చెప్పు" అని గుమ్మంలోనే పట్టుకుంది. "నా బర్రె మీద ఒట్టు అవ్వా, సుక్క గూడ కలపలే. నమ్మకపోతే నువ్వే వచ్చి సూడు" అన్నాడు పాపం. మాటవరసకు అన్నాడు. అత్తమ్మ మర్నాడు మొదటి బస్సుకే మడికొండ వెళ్లింది. అతని క్యాన్‌ను నమ్మలేక, తన ఇత్తడి పాలగిన్నెనే చంకన పెట్టుకుపోయి, పక్కన కూర్చుని అందులోకే పితికించుకుని, మూతకు గుడ్డ కట్టి తెచ్చింది. ఆ పాలు కూడా విరిగాయి. బర్రె ఏం తిన్నదో అని బర్రెను కూడా అనుమానించి, పాలాయనను రావద్దని చెప్పేసింది.

ఆ గిన్నె సంగతి కాస్త చెప్పాలి. మా అత్తగారింట్లో పాలగిన్నె ఎన్నడూ ఖాళీ కాకూడదు. అడుగు కనబడితే లక్ష్మి వెళ్లిపోతుందట. అందుకని గరిటెడు పాత పాలు ఎప్పుడూ అడుగున ఉంచి, వాటి మీదే కొత్త పాలు పోసేవాళ్లం. అత్తమ్మ బయట చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేది, లోపల మాత్రం ఎవరినీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు. మడికొండకు కూడా ఆ గరిటెడు పాలతోనే వెళ్లింది మహాతల్లి. చలికాలమంతా ఏ ఇబ్బందీ లేకుండా సాగిన ఆచారం కాబట్టి నాకూ ఏమీ తట్టలేదు.

వేరే మనిషి దగ్గర పాలు పోయించుకున్నా అదే తంతు. ఇక అనుమానం నా మీదికి మళ్లింది. "నీ చెయ్యి మంచిగ లేదు పిల్లా, ఇగ పాలు ముట్టకు" అంది. నా కొడుక్కి నేను పాలు పట్టకూడదట! పెరట్లో కూర్చుని కుళ్లికుళ్లి ఏడ్చాను. ఏడ్చి ఊరుకున్నానా, ఈవిడే ఏమైనా చేస్తోందేమోనని నేనూ ఓ కన్నేసి ఉంచాను. ఇద్దరి మధ్యా మా ఆయన టీ కూడా వాసన చూసి తాగేవారు.

అంతలో వీధిలోకి కళాయి పూసేవాడు వస్తే, కళాయికైతే ఖాళీ చేసినా తప్పులేదని అత్తమ్మ గిన్నె అతనికిచ్చింది. అది తిరిగొచ్చేదాకా పక్కింటివాళ్ల స్టీలు గిన్నె వాడాం. అరువు గిన్నెలో మన లక్ష్మి ఎందుకుంటుందని దాన్ని రోజూ శుభ్రంగా తోమించింది. పాలు విరగలేదు. పిల్లవాడికి విరేచనాలు కట్టాయి, నన్ను చూసి మళ్లీ నవ్వాడు. కళాయి గిన్నె ఇంటికొచ్చింది, ఆచారమూ దాంతోపాటే వచ్చింది. రెండ్రోజులకే పాలు విరిగాయి, వాడు మళ్లీ పడకేశాడు.

ఆ పొద్దున అత్తమ్మ పొయ్యి దగ్గర గిన్నెలోకి వంగి, అడుగున ఉన్న పాత పాల వాసన చూసింది. అనుమానించడానికి ఆవిడ తప్ప ఇంకెవరూ మిగల్లేదు. గిన్నెను నల్లా దగ్గరికి తీసుకుపోయి, మొత్తం ఒంపేసి, బూడిద పెట్టి లోపల తోమడం మొదలుపెట్టింది. అడుగు తేటగా కనబడ్డాక అక్కడే కూలబడింది. "నేనే పోసిన పిల్లా. ఇన్ని దినాలు నా మనుమని కడుపుల నా చేతులతోటి నేనే పోసిన" అని వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదలు. నా కోపమంతా ఎటు పోయిందో! పిల్లవాణ్ణి తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టి, పక్కనే కూర్చున్నాను.

వాడు తేరుకున్నాక మళ్లీ బస్సెక్కి మడికొండ వెళ్లింది. పాలాయనతో ఒక్క మాటా అనలేదట, బర్రెకు మాత్రం బెల్లం పెట్టి వచ్చిందట. మర్నాటినుంచి సైకిల్ గంట మా గుమ్మంలో మళ్లీ మోగింది. ఆ గిన్నె ఇప్పుడు నా వంటింట్లో ఉంది. రోజూ అడుగు కనబడేదాకా తోముతాను. మనసును మాత్రం అలా తోమలేకపోయాను, ఏ రోజు చూసినా నిన్నటిది గరిటెడు అడుగున ఉండే ఉంటుంది.