మబ్బు వేసిన స్విచ్

ఉద్యోగకాలమంతా నన్ను కాపాడి, ఈ వయసులో కలం పట్టే బలమిచ్చిన ప్రభువుకు మొదట స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ సంగతి ఇంకోలా ముగిసేది, చెప్పడానికి నోరూ, రాయడానికి చెయ్యీ నాకు వచ్చేవి కావు.

కోలారు బంగారు గనులు మూతపడిన కొన్నేళ్ళకు, ఒక సెప్టెంబరులో, బూదికోట దగ్గర ఒక తోటకు దీపాలు పెట్టే పనికి నన్ను ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా పిలిచారు. గనిలోనూ నాది అదే హోదా. సూపర్‌వైజరు ఇంజనీరుకు కింద, వైర్‌మెన్‌లకు పైన. లైసెన్సు అతని పేరు మీద ఉంటుంది కాబట్టి ఎవరికి ఏం జరిగినా జవాబు అతనే చెప్పాలి. నాతో వచ్చిన వైర్‌మన్ సెల్వరాజ్ గనిలో నా కిందే పనిచేశాడు, మా చర్చి సంఘంలోనే సభ్యుడు. కంప్రెసర్ల హోరులో ఏళ్ళ తరబడి పనిచేసి చెవులు మొద్దుబారినవాడు.

తోట యజమానురాలు సుమిత్రమ్మ స్వీడన్‌లో చాలాకాలం ఉద్యోగం చేసి వచ్చారు. అక్కడి తీరులోనే తోట కావాలన్నారు. బూడిదరంగు రాళ్ళు, కంకర దారి, గడ్డి దుబ్బులు, నల్లచెక్క బెంచీలు. అక్కడి తెల్లబెరడు చెట్లు మన ఎండకు నిలవవని, ఉన్న నీలగిరి చెట్లనే ఉంచుకున్నారు. దీపాల విషయంలో ఆమె పట్టు గట్టిది. దారి పక్కన మోకాలెత్తు స్తంభాలు ఉండాలి, వెలుగు నేల మీదే పడాలి, బల్బు కంటికి కనబడకూడదు.

"పెళ్ళిపందిరి చేసేస్తారేమో సార్, నాకు అదే భయం" అన్నారు మొదటి రోజు.

సెల్వరాజ్ నవ్వాడు. "లైటు తక్కువ పెట్టేదానికి మేమే కరెక్టమ్మా. తలకు కట్టుకున్న లైటుతోనే బతికినోళ్ళం."

దీపాలకు వెలుతురును పసిగట్టే సెన్సరు పెట్టాం. పొద్దు గుంకితే అదే వేస్తుంది, తెల్లవారితే అదే తీస్తుంది. కరెంటు పోతే నడిచే జనరేటరు మీద భారం ఒక్కసారిగా పడకుండా మొదట దారి దీపాలు, కాసేపు ఆగి చెట్ల దీపాలు వెలిగేటట్టు టైమరు కూడా ఉంది. తోట పెద్దది, వైరు పొడవు ఎక్కువ. అందుకని దీపాలన్నిటికీ ఇంట్లో వాడే కరెంటే వెళ్ళేది, తక్కువ వోల్టేజి కాదు.

పని ముగింపుకు వచ్చిన రోజు మధ్యాహ్నం ఒక చెట్టు దీపం జాయింటులోకి నీళ్ళు దిగినట్టు తేలింది. సెల్వరాజ్ గుంత దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను అవతలి చివర సుమిత్రమ్మకు స్తంభాల వరస చూపిస్తున్నాను. అటు వెళ్ళేముందు, మెయిన్ తీసినావా అని గట్టిగా అడిగాను.

"కరెంటు లేదన్నా, టెస్టరు పెట్టి చూసినా. ఇంగ నువ్వు పో" అన్నాడు.

గనిలో ఆ మాట చాలు. అక్కడ పనికి దిగేవాడు ఫ్యూజు పీకి తన జేబులో వేసుకుంటాడు. దీన్ని లైన్ క్లియర్ అంటారు. తీగలో కరెంటు లేదంటే ఎవరో మనిషి తీసినట్టే. ఆ మనిషే మళ్ళీ ఇవ్వాలి.

పడమటి నుంచి మబ్బు లేచింది. చూస్తుండగానే తోటంతా మసకబారింది. అప్పుడు మా కాళ్ళ దగ్గర స్తంభం వెలిగింది. దాని తరువాతిది, ఆ తరువాతిది, దారి పొడుగునా.

"అబ్బ, ఎంత బాగుంది సార్!" అని సుమిత్రమ్మ చప్పట్లు కొట్టారు.

దారి దీపాలు వెలిగాయంటే మెయిన్ తీయలేదు. పగలు కాబట్టి సెన్సరు ఆపి ఉంచిన తీగను సెల్వరాజ్ మెయిన్ తీసేసిన తీగ అనుకున్నాడు. ఇక చెట్ల వంతు. అతను జాయింటు కలుపుతూ రెండు తీగలనూ రెండు చేతులతో పట్టుకుని ఉంటాడు. కరెంటు నేలలోకి కారితే కోసేసే బ్రేకరు ఒకటి పెట్టాం గాని, రెండు తీగల మధ్య చిక్కిన మనిషిని అది పసిగట్టలేదు.

"సెల్వా!" అని అరిచాను. గాలికి నీలగిరి ఆకులు హోరెత్తుతున్నాయి. ఆ చెవులకు నా అరుపు ఎక్కదని తెలిసీ అరిచాను. అతని దగ్గరికి పరుగెత్తాలా, మెయిన్ స్విచ్ ఉన్న ప్యానెలుకా? కరెంటులో ఉన్నవాణ్ణి ముట్టుకుంటే ఇద్దరం పోతాం. ప్యానెలు వైపే పరుగెత్తాను. పెదవుల మీద యేసయ్యా అన్న పేరు తప్ప ప్రార్థన కుదరలేదు. అతని భార్య మేరీ ముఖం కళ్ళముందు నిలిచింది.

ప్యానెలు తలుపు మీద చెయ్యి వేశానో లేదో, చెట్లన్నీ మొదలు నుంచి తెల్లగా వెలిగాయి.

మెయిన్ కిందికి లాగాను. తోట మళ్ళీ మసకలోకి పోయింది. వెనక్కి తిరగడానికి నా మెడ ఒప్పుకోలేదు.

"అన్నా, ఎవరు లైటేసింది?" అని సెల్వరాజ్ గొంతు.

అతను గుంతకు నాలుగడుగుల దూరంలో పనిసంచి ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో టార్చి. "మబ్బుకు తీగ రంగు తెలీలేదు. టార్చికని లేచినా. నీకేమైందన్నా, ముఖం అట్లా ఉండాది?"

మెయిన్ తీయలేదని, మబ్బుకు సెన్సరే దీపాలు వేసిందని చెప్పాను. సంగతి అర్థమయ్యాక అతను కంకర మీద కూర్చున్నాడు. తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఆ మరుసటి రోజు నుంచి నా పనుల్లో ప్రతి దీపాల వరసకూ తాళం పడే స్విచ్ విడిగా పెట్టించాను. తాళంచెవి గుంతలో దిగేవాడి జేబులోనే ఉండాలి. కరెంటు ఉందా అని చూసేముందు సెన్సరుకు నల్లగుడ్డ కప్పి, దీపాలు వెలిగాకే మెయిన్ తీసి చూడాలి. పగటి పూట తీగ ఊరికే ఉండడం రుజువు కాదు.

ప్రభువు కాపాడాడని సంఘంలో సాక్ష్యం చెప్పాను. అది నిజం. కాపాడతాడులే అని తాళం వేయకుండా పనికి దిగడం మాత్రం ఆయన్ను శోధించడమే. ఈ పూట గుంతల్లో, స్తంభాల మీద తీగలు పట్టుకుని ఉన్నవాళ్ళు సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరాలని, చదివేవారు నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థించండి. ఆమెన్.