పక్క కొండ ఎక్కావా?

సంచి ముడి విప్పగానే గదంతా మామిడి జీడి వాసన. అరకు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిన కొండమామిడి కాయలు. పీచు ఎక్కువ, పులుపు ఎక్కువ, పిడికెడైనా ఉండవు. మా ఇంట్లోవాళ్లు వీటిని చూసి మూతి తిప్పుకుంటారు. నాకు మాత్రం ఏటా ఈ సంచి వచ్చేదాకా మామిడిపండు నోట పెట్టబుద్ధి కాదు. ఇది వచ్చిందంటే ఈ కాయలు కాసిన కొండ ఊళ్లో మామిడికొత్త పండగ అయిపోయిందన్నమాట. కొత్త కాయ కొండదేవతకు పెట్టేదాకా అక్కడ పసిపిల్లలు కూడా ముట్టరు. ఇరవయ్యేళ్ల కిందట ఒక వేసవి ఆ పండగ ఆగింది. దాన్ని ఆపమని అడిగింది మా సుగుణ మేడమ్.

మేడమ్ విశాఖలో వృక్షశాస్త్రం చెప్పేవారు. నేను ఆవిడ దగ్గర పరిశోధన చేసేదాన్ని. పొట్టి మనిషి, నూలుచీర, దాని కింద మగవాళ్ల బూట్లు. ఆ వేషం చూసి నవ్వినవాళ్లు కొండ ఎక్కడం మొదలయ్యాక ఆవిడ వెనక రొప్పుతూ నడిచేవారు. ఆవిడకొక చాదస్తం ఉండేది. మట్టి చెడిందేమోనన్న అనుమానం ఉన్న కొండమీద మట్టి, ఆకు, కాయ సేకరిస్తే, ఏ అనుమానమూ లేని పక్క కొండమీద కూడా అవన్నీ సేకరించాల్సిందే. విజయనగరం దగ్గర చదును పొలాల్లో పెరిగినదాన్ని, నాకు ఒక కొండే ఎక్కువ. రెండోది ఎందుకండీ దండగ అని గొణిగేదాన్ని. సాయంత్రం సంచులు దించగానే ఆవిడ మొదటి ప్రశ్న మాత్రం మారేది కాదు. "పక్క కొండ ఎక్కావా?"

ఆ ఊరి పైన కొన్నాళ్లు ఎవరో యంత్రాలు పెట్టి కొండకు బోర్లు వేశారు. ఏ ఖనిజం కోసమో ఊళ్లోవాళ్లకు ఎవరూ చెప్పలేదు. తవ్విన బురదను ఒక గోతిలో పోసి, గొట్టాలకు మూతలు బిగించి వెళ్లిపోయారు. ఆ తరవాత ఒక పనసచెట్టు నిలువునా ఎండింది. బుద్రమ్మ అనే ఆవిడ మేక కళ్లు లేని పిల్లను ఈనింది. అణుబాంబుల్లో వాడే రాయి అక్కడుందట అన్న పుకారు సంతదాకా పాకింది. ఆ ఊరి పసుపు, చింతపండు అంటే షావుకార్లు చెయ్యి వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. అన్నిటికంటే పెద్ద భయం బుద్రమ్మది. ఆవిడ కోడలికి నెలలు నిండుతున్నాయి.

"మేకకే అలగయితే మడిసికి ఏటవుద్ది మేడమ్మా?" అని ఆవిడ, ఆ పుకారు విని చూడ్డానికి వెళ్లిన మమ్మల్ని అడిగింది. మేక ఎక్కడ మేసేది, ఏ నీళ్లు తాగేది, పోతు ఎవరిదని మేడమ్ ఒక్కొక్కటే అడిగారు. ఆ సాయంత్రం కొండ దిగుతూ నాకు చెప్పారు. దూరదేశంలో అణుకేంద్రం పేలిన చోట పైన్ చెట్లు ఎర్రబడి చచ్చిపోయాయట. పిచ్చుకల్లాంటి పక్షులకు తెల్లమచ్చలు వచ్చాయట. అడవి పుట్టగొడుగుల్లో ఏళ్లు గడిచినా ఆ విషం పోలేదట. చెట్టుకు తనకు కావలసిన పొటాషియం ఏదో, పేలుడులో వచ్చిన సీజియం ఏదో తేడా తెలియదు, తిండే అనుకుని పీల్చేస్తుంది, దాన్ని జంతువు తింటుంది అన్నారు. అక్కడ జరిగింది పేలుడు, ఇక్కడున్నది కొండ కడుపులోని రాయి, రెండూ ఒకటి కావు, అలాగని ఏమీ లేదనీ అనలేం అన్నారు. ఇంతకీ ఉన్నట్టా లేనట్టా అని నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఊరంతా కూడింది. పండగకు మంచిరోజు చూసే దిసారి కూడా వచ్చి కూర్చున్నాడు. మా వెంట వచ్చిన ఒక ప్రభుత్వ ఉద్యోగి, మేడమ్ ఇప్పుడే ఒక కాయ కొరికి చూపిస్తే అందరి భయమూ పోతుందని అన్నాడు. కాయ కూడా తెచ్చి చేతిలో పెట్టాడు. హమ్మయ్య, గొడవ వదిలిందనుకున్నాను నేను. మేడమ్ ఆ కాయను కింద పెట్టేశారు.

"నేను తింటే ఏం తేలుతుంది బాబూ? నేను బతికున్నానని వీళ్ల కోడలు తినాలా? పరీక్ష చేయించి చెబుతాను. అందాకా పండగ పెట్టకండి."

ఊరు గగ్గోలైంది. కాయ ఒకపక్క రాలుతోంది. పండు ఒక్కటే పోతే పోయింది, వానల్లో తిండి లేనప్పుడు వాళ్లను ఆదుకునేది మామిడి టెంక పిండితో కాచే అంబలి. పండగ ఆలస్యమైతే టెంకలన్నీ చెట్టు కిందే కుళ్లిపోతాయి. చివరికి దిసారి ఒడియా కలిసిన తెలుగులో మెల్లగా అన్నాడు. "కొత్త ఎట్టకుండా మేం ముట్టం. ఏటేటా ఆగుతాం. ఈ ఏడు ఇంకొంచెం ఆగుతాం. నువ్వు బేగి రా." నాకు తెలిసిన చదువుకున్నవాళ్లెవరూ మేడమ్ మాటకు అంత మర్యాద ఇవ్వలేదు.

పక్క కొండ నా వంతు. తిట్టుకుంటూనే ఎక్కాను. అక్కడ బోర్లు లేవు, గొయ్యి లేదు. మట్టీ కాయలూ సంచిలో వేసుకున్నాక, మేడమ్ పురమాయించారు కదా అని అక్కడి మేకలకాపరి ముసలాయన్ని అడిగాను, ఎప్పుడైనా అవకరం పిల్లలు పుట్టాయా అని. ఆయన నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. అప్పుడప్పుడూ పుడతాయి, పూడ్చేస్తాం, దానికంత ఏటుందని అన్నాడు. గుడ్డి పిల్ల కూడా పుట్టిందట. అక్కడ ఎవరూ యంత్రం పెట్టలేదు కాబట్టి ఎవరూ భయపడలేదు. ఆ కొండమీద నిలబడి, మేడమ్ ఇన్నాళ్లూ నన్ను ఎందుకు నడిపించారో మొదటిసారి అర్థమై సిగ్గేసింది.

ఫలితాలు వచ్చాక మేడమ్ కబురు పంపలేదు, తనే వెళ్లారు. మామిడికాయలో ఆ రాతి పదార్థం పక్క కొండ కాయలో ఉన్నంతే ఉంది, తినొచ్చన్నారు. గోతి బురదలో మాత్రం ఎక్కువ ఉంది, కంచె కట్టండి, మేకల్ని అటు పోనివ్వకండి, దాని దిగువన పుట్టగొడుగులు ఏరకండి అన్నారు. మేకపిల్ల సంగతి తెలియదన్నారు. సగం కాయ అప్పటికే కుళ్లిపోయింది. ఆ వానాకాలం వాళ్ల అంబలి పలచబడింది, మేడమ్ ఆ మాట ఎప్పటికీ మరిచిపోలేదు. జనం లేచి వెళ్లాక బుద్రమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నా కోడలికి మంచి బిడ్డే పుడతాదని సెప్పు మేడమ్మా. ఒక్క మాట."

చెప్పేయండి, మీ సొమ్మేం పోయింది అని నేను లోపల అరుస్తున్నాను. మేడమ్ కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"నాకు తెలీదమ్మా. తెలిసినట్టు చెబితే నిన్ను మోసం చేసినట్టే. కాన్పు ఆసుపత్రిలో చేయిద్దాం. నేనూ వచ్చి కూచుంటాను."

వచ్చారు, కూచున్నారు. బుద్రమ్మ పక్కన బల్లమీద, ఇద్దరూ ఒకే టీని రెండు గ్లాసుల్లో పోసుకుని. ఆడపిల్ల పుట్టింది, చక్కటి పిల్ల. బుద్రమ్మ బిడ్డ కళ్లు తెరిచి మరీ చూపించింది. జీపులో తిరిగి వస్తూ, మనం గెలిచాం మేడమ్ అన్నాను. "మనం ఏం చెప్పామని గెలవడానికి? నాకు ఇప్పటికీ కాళ్లు వణుకుతున్నాయి" అన్నారు. ఆ మాటతో ఆవిడ మీద నాకున్న విసుగంతా పోయింది. ఆ తరవాత ఆవిడ అన్నదేదీ నాకు చాదస్తం అనిపించలేదు.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆవిడ నిలబడిన గదిలోనే నేను పాఠం చెబుతున్నాను. నాకు తెలియదు అన్న మాట పిల్లల ముందు అనడానికి ధైర్యం కావాలని, అన్న తరవాత అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోకూడదని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఈ సంచి పంపింది ఆరోజు పుట్టిన పిల్లే. అరకులో చదువుతోంది, పెద్ద గడుసు గుంట. కాయలు అందాయా అని సాయంత్రం ఫోన్ చేసింది. గోతి కంచె ఊడిపోయిందట, అక్కడి మట్టి ఇప్పుడెలా ఉందని అడిగింది. నాకు తెలియదమ్మా, సెలవుల్లో వస్తాను, ఇద్దరం చూద్దాం అన్నాను. పక్క కొండ కూడా ఎక్కాలి సుమా అన్నాను.

"అదెందుకండీ దండగ?" అని గొణిగింది.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వచ్చాక చెబుతానన్నాను.