ఎదురు నూగు

వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అంటారు. కత్తెర మొగుడిది, మిషను ఆమెది. పెళ్ళైన కొత్తలో జరిగిన ఈ పంపకాన్ని మళ్ళీ ఎవరూ కదపలేదు. బల్ల చుట్టూ తిరగడానికి ఆయనకు బద్ధకం. నిలుచున్నచోటి నుంచే గుడ్డను అటూ ఇటూ మడతలుగా పరిచి, మడతల దగ్గర కోసేస్తాడు. దుప్పట్లకైతే ఏ పేచీ లేదు. నాటకాల హాలు తెరకు వచ్చింది మాత్రం ఎర్ర మఖమల్. దాని నూగు ఒక పక్కకే వాలుతుంది. అలా కోస్తే ముక్క విడిచి ముక్క తలకిందులవుతుంది.

మొదటి రెండు ముక్కలు కలిపినప్పుడే ఆమె అరచేతికి తెలిసిపోయింది.

"ఏవండీ, ఇది ఎదురు తిరుగుతోంది."

"కుట్టేశావుగా, ఇంకేం చేస్తాం? కానీయ్."

రెండు కుట్టారు కనక మూడోది, మూడు కుట్టారు కనక నాలుగోది. ఆమె నోరెత్తిన ప్రతిసారీ, కుట్టేసిన గుడ్డ ఇంకాస్త పెరిగి ఆయన పక్షాన సాక్ష్యం చెప్పేది.

ఈ ఉదయం హాల్లో తెర కట్టి దీపాలు వేశారు. ఒక చార ఎరుపు, నూగు ఎదురు తిరిగిన చార నలుపు.

"నాటకం జైల్లోనా అమ్మా? చువ్వలు భలే కుదిరాయి," అన్నాడు మేనేజరు. "వారంలో సరిచెయ్యండి. లేదంటే వేరేవాళ్ళకిచ్చేస్తాను."

తెర మోసుకుని ఇంటికొచ్చాక మొగుడు కుచ్చుల పెట్టె తీశాడు. "ఇంతదాకా వచ్చాం. అంచుకి కుచ్చులు పడితే అందరి చూపూ అటే పోతుంది."

ఆమెకు ఒళ్ళు మండింది. "చూపు పోయింది వాళ్ళకి కాదు, మీకు! కుచ్చులు కూడా కుట్టి అప్పుడు ఊడదీద్దామా?"

"కాస్త ఓర్చుకో. ఇన్నాళ్ళ చాకిరీ బూడిదలో పోస్తావా?"

"పోసేశాం! ఇక పొయ్యనంటున్నా."

ఓర్పు గొప్పదనేవాళ్ళు అది ఎవరి ఓర్పో ఎన్నడూ చెప్పరు. ఆయన మీద కన్నా ఆమెకు తన కాలి మీదే ఎక్కువ కోపం. అరచెయ్యి వద్దంటున్నా అది మిషను తొక్కుతూనే ఉంది.

ఎదురు ముక్కలు విడదీసి తిప్పి కుట్టాలి. సూది చిల్లులు పడిన అంచులు కోసెయ్యాలి. తెర వెడల్పు తగ్గుతుంది. తగ్గనీ. ఆమె మేకుకి వేలాడుతున్న కత్తెర అందుకుని, ఆయన చేతిలో బ్లేడు పెట్టింది.

"విప్పండి."

"నేనా? మరి కత్తెర?"

"నా దగ్గరుంటుంది."

"ఈ తెర వరకేగా?"

మొదటి ముక్క ఊడివచ్చాక ఆమె బల్ల చుట్టూ నడిచి, అవతలి కొసన నూగు ఎటు వాలిందో నిమిరి చూసి, అంచు కోసింది.