పౌర్ణమికి అటూ ఇటూ

ఒక ఆడపిల్ల పెళ్ళి ముహూర్తం నేనాడిన అబద్ధాలను బట్టి పెట్టారు. ఇందులో సిద్ధాంతిగారి తప్పు లేదు, పంచాంగం తప్పు అసలే లేదు. మొత్తం తప్పు విజయవాడలో లెక్కల పాఠాలు చెప్పుకునే ఒక లెక్చరరమ్మది, అంటే నాది. ఆ కథంతా చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి, నేనేమీ అనుకోను. కాకపోతే పక్కన మీ అత్తగారు ఉంటే పైకి మాత్రం చదవకండి.

ముందు నా ఒంటి సంగతి. కాలేజీలో మూడో అంతస్తు ఎక్కేసరికి నాకు పాఠం చెప్పడానికి ఊపిరి మిగిలేది కాదు. బోర్డు మీద ఏదో రాస్తున్నట్టు పిల్లలకు వీపు పెట్టి కాసేపు ఆయాసపడేదాన్ని. మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, షుగరు వచ్చింది, వాటికి తోడుగా బీపీ కూడా వచ్చింది. చివరికి డాక్టరమ్మ చెప్పిన మాట విని వేసవి సెలవుల్లో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. పొట్టలో ముప్పాతిక భాగం తీసేసి, మిగిలినదాన్ని అరటిపండంత గొట్టంలా కుట్టేశారు.

ఈ సంగతి పామర్రులో ఉన్న మా అత్తగారికి చెప్పలేదు. చెప్పేంత ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. ఒకసారి టీవీలో ఎవరో ఇలాంటి ఆపరేషన్ గురించి మాట్లాడుతుంటే ఆవిడ ముక్కున వేలేసుకున్నారు. "తిండి తినకుండా ఉండటానికి పొట్ట కోయించుకుందంటరా? మనుషులకి మతులు పోతున్నాయి" అన్నారు మా ఆయనతో. మా ఆయన శ్రీధర్ నా వంక చూశాడు, నేను ఫ్యాను వంక చూశాను. ఆ తర్వాత పిత్తాశయంలో రాళ్ళు తీయించుకుంటున్నానని ఫోన్‌లో చెప్పాం.

నెలలు గడిచేకొద్దీ నేను సగమయ్యాను. అత్తగారు దానికీ కారణం కనిపెట్టి వీధంతా చెప్పారు. "లోపల ఎన్ని రాళ్ళున్నాయో ఏమో పాపం. ఇన్నాళ్ళూ పిచ్చిపిల్ల మోసుకు తిరిగింది."

అసలు చిక్కు వానలు మొదలయ్యాక వచ్చింది. మా ఆడపడుచు లావణ్యకు సంబంధం కుదిరి, పామర్రులో మగపెళ్ళివారికి భోజనాలు పెట్టారు. లావణ్య గురించి ఒక మాట చెప్పాలి. ఇంటర్‌లో చేరడానికి విజయవాడ వచ్చి, ఉద్యోగం వచ్చేదాకా మా ఇంట్లోనే ఉంది. దాని జడలు నేను వేశాను, దాని ఏడుపులు నేను తుడిచాను, లెక్కల్లో తప్పితే తిట్టిందీ నేనే. అందుకని భోజనాలకు ఎగేసుకుంటూ వెళ్ళాను. అత్తగారు ఆకులో పులిహోర, పూర్ణం బూరెలు, గుత్తి వంకాయ, ముద్దపప్పు వడ్డించి నా ఎదురుగా కూర్చున్నారు. నాలుగు ముద్దలకే నా అరటిపండు నిండిపోయింది. "ఇంకో బూరె వేసుకో, రాళ్ళు తీసేశారుగా, ఇప్పుడు చోటుంటుంది" అన్నారావిడ. వేసుకున్నాను. తర్వాత పెరట్లో ఏం జరిగిందో మీకు చెప్పను.

ఆ మర్నాడే నాకు గొప్ప ఉపాయం తట్టింది. నెలసరి వస్తే మా వైపు "బయట ఉంది" అంటారు. మా అత్తగారి పద్ధతిలో బయట ఉన్న మనిషి పండక్కి రాకూడదు, శుభకార్యానికి రాకూడదు, పంక్తిలో కూర్చోకూడదు. అంతకన్నా మంచి సంగతేమిటంటే ఆ మాటకు ఆవిడ దగ్గర ఎదురు ప్రశ్న ఉండదు. జ్వరమంటే ఎంతుందని అడుగుతారు, పనుందంటే ఏం పనని అడుగుతారు. బయట ఉన్నానంటే మాత్రం "సర్లేమ్మా, పడుకో" అని ఫోన్ పెట్టేస్తారు.

శ్రావణ పౌర్ణమి ముందు కంకిపాడులో చుట్టాల గృహప్రవేశం వచ్చింది. "అత్తయ్యా, బయట ఉన్నాను" అన్నాను. దసరా వచ్చింది, బయటే ఉన్నాను. కార్తీక పౌర్ణమికి వనభోజనాలన్నారు, అప్పుడూ బయటే ఉన్నాను. ఇంట్లో సోఫాలో కూర్చుని గిన్నెడు పప్పుకట్టు తాగుతూ నా తెలివికి నేనే మురిసిపోయాను.

నిజంగా ఏం జరుగుతోందో కూడా చెప్పాలి కదా. ఆపరేషన్ అయ్యాక నా నెలసరికి వేళాపాళా లేకుండా పోయింది. వస్తే పోయేది కాదు, పోతే ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. క్లాసులో శ్రేఢులు చెబుతూ మధ్యలో ఆగి, చీర కుచ్చిళ్ళు సర్దుకునే నెపంతో వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని. ముదురు రంగు చీరలు తప్ప కట్టడం మానేశాను. ఎక్కడికి వెళ్ళినా ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకుని, తర్వాత మనుషులను పలకరించేదాన్ని. ఒకచోట కుదురుగా కూర్చోవడమన్నది మర్చిపోయాను.

ఆ రోజుల్లోనే అత్తగారు ఫోన్ చేశారు. గొంతులో ఒకటే సంబరం.

"అమ్మాయ్, మాఘమాసంలో ముహూర్తం పెట్టించా. సిద్ధాంతిగారు శుద్ధ త్రయోదశి బ్రహ్మాండంగా ఉందన్నారు. నేనే కుదరదన్నా."

"ఎందుకత్తయ్యా?"

"ఎందుకేంటి, పీటల మీద కూర్చోవాల్సింది నువ్వే కదా? నీకు పౌర్ణమికి అటూ ఇటూ కదా వచ్చేది. శ్రావణంలో అంతే, దసరాకి అంతే, కార్తీకంలోనూ అంతే. నాకు తెలవదనుకున్నావా? బహుళంలో పెట్టమని కూర్చున్నా. మగపెళ్ళివారు గొణిగారు, అనుకున్న హాలు కూడా దొరకలేదు. అయినా సరే, నా కోడలు కూర్చోవాలి అన్నా."

మామగారు పోయి చాలా కాలమైంది. కాబట్టి కన్యాదానం చేయాల్సింది అన్నావదినలమైన మేమే. నేను కూర్చోలేకపోతే ఆ పీటల మీద మా ఉయ్యూరు చిన్నత్తగారు, చిన్నమామగారు కూర్చుంటారు. లావణ్య అప్పటికే మగపెళ్ళివారి ముందు కూడా చెప్పేసింది, "నన్ను మా వదినే దానం చెయ్యాలి" అని. ఆ మాట విన్న రోజు నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. అలాంటి పెళ్ళికి ఇప్పుడు పదిమంది ఇబ్బంది పడి, మంచి ముహూర్తం వదులుకుని, నా సోఫా అబద్ధాలను బట్టి లగ్నం పెట్టుకున్నారు.

పరుగెత్తుకుంటూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ స్కానింగ్ చేయించి, రక్తం పరీక్షలు చూసి, నిదానంగా చెప్పారు.

"లోపల భయపడాల్సిందేమీ లేదమ్మా. కొవ్వులో దాగి ఉన్న హార్మోన్లు బరువు తగ్గేకొద్దీ బయటపడతాయి. ఆపరేషన్ తర్వాత చాలామందికి కొన్నాళ్ళు ఇలా గాడి తప్పుతుంది. కానీ రక్తం బాగా తగ్గింది, ఇన్ని నెలలు రాకుండా ఎందుకు కూర్చున్నారు?"

"తగ్గిపోతుందిలే అనుకున్నానండి. మాఘంలో మా ఆడపడుచు పెళ్ళండి. ఆ రోజు మాత్రం రాకుండా ఉండాలండి."

"ఆ సంగతి హార్మోన్లకి తెలీదు కదమ్మా."

"వాయిదా వేసే బిళ్ళలుంటాయి కదండీ? మా కాలేజీలో అందరూ వాడతారు."

"అందరూ వేరు, మీరు వేరు. మీకు బీపీ ఉంది, ఆపరేషనై ఎన్నాళ్ళో కాలేదు. మెడికల్ షాపులో కొనుక్కుని మింగారంటే మాత్రం నేను ఊరుకోను. ఐరన్ మాత్రలు వేసుకోండి, ఎక్కువైతే వెంటనే ఫోన్ చెయ్యండి."

ఐరన్ మాత్రలు తెచ్చుకుని ఇంటికొచ్చి, పెళ్ళిదాకా రోజూ చస్తూ బతికాను. రాత్రి పడుకుంటే రేపేమవుతుందో అని బెంగ, పొద్దున లేస్తే ఇవాళేమవుతుందో అని బెంగ. శ్రీధర్ మాత్రం నిశ్చింతగా ఉన్నాడు. "ఎందుకే అంత కంగారు? వచ్చినా ఎవరికీ చెప్పొద్దు, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. మగవాళ్ళకు అన్నీ తేలికే.

పెళ్ళి పామర్రులో ఇంటి దగ్గరే, పగటి ముహూర్తం. పొద్దున్నే లేచాను, ఏమీ లేదు. తలంటుకున్నాను, ఏమీ లేదు. అత్తగారు పెట్టిన లేత పసుపు పట్టుచీర కట్టుకుని అద్దంలో చూసుకుంటే నాకు నేనే ముద్దొచ్చాను. సన్నాయి మొదలైంది. సరిగ్గా అప్పుడే కడుపులో మెలిక తిరిగింది. బాత్రూమ్‌లోకి వెళ్ళి చూసుకున్నాను. ఇక చెప్పేదేముంది.

చెప్పకుండా కూర్చోవచ్చు, నిజమే. నాకు ఆ పట్టింపులు లేవు. కానీ అత్తగారికి ఉన్నాయి, ఆ నమ్మకంతోనే ముహూర్తం పెట్టించారు. ఇన్ని నెలలు రాకుండానే వచ్చిందని చెప్పి, ఇప్పుడు వచ్చాక రాలేదని చెప్పి, ఆవిడ కూతురి చేతులు పట్టుకుని దానం చెయ్యాలా? మనసొప్పలేదు. పైగా పీటల మీద కూర్చుంటే మధ్యలో లేవడానికి ఉండదు, ఒంటి మీద ఉన్నది లేత పసుపు చీర. గది తలుపు సందులోంచి చూస్తే ఉయ్యూరు చిన్నత్తగారు కూడా కొత్త పట్టుచీరలో సిద్ధంగా తిరుగుతున్నారు.

అత్తగారిని గదిలోకి పిలిచి గడియ పెట్టాను. మొత్తం చెప్పేశాను. పొట్ట ఆపరేషన్ చెప్పాను, రాళ్ళు లేవని చెప్పాను, శ్రావణం నుంచి కార్తీకం దాకా బయట లేనని చెప్పాను, ఇప్పుడు నిజంగా వచ్చిందని చెప్పాను. ఆవిడ మంచం మీద కూలబడ్డారు.

"రాళ్ళే లేవా?" అన్నారు.

"లేవత్తయ్యా."

"మరి కార్తీకంలో వనభోజనాలకి నీ కోసమని పనసపొట్టు కూర చేయించి, డబ్బాలో పెట్టి పంపానే?"

"శ్రీధర్ తిన్నారు."

"నాకు చెప్తే కొంచెమే పెట్టేదాన్ని కదే" అన్నారు. ఆ గొంతులో కోపం కన్నా నొప్పే ఎక్కువుంది. నేనప్పుడు నిజంగా సిగ్గుపడ్డాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపారు. "ఆ డాక్టరమ్మకి ఫోన్ కలుపు."

కలిపాను. స్పీకర్‌లో పెట్టమన్నారు.

"అమ్మా, నేను పద్మజ అత్తగారిని. ఇక్కడ పెళ్ళి జరుగుతోంది. మా అమ్మాయికి ఇప్పుడొచ్చింది బయట కిందకి వస్తుందా, ఆపరేషన్ కిందకి వస్తుందా?"

"ఏంటండీ?" అన్నారు డాక్టరమ్మ.

"నెల తప్పకుండా వచ్చేదా, ఆపరేషన్ మూలాన వచ్చిందా అని."

"ఆపరేషన్ తర్వాత హార్మోన్ల తేడా వల్ల అవుతోందండి. మామూలుగా వచ్చే నెలసరి అని చెప్పలేం. ఎక్కువగా ఉందా? కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదండి, కొంచెమే" అన్నాను నేను.

"అయితే కూర్చోవచ్చు. నీళ్ళు తాగుతూ ఉండండి. రేపు ఒకసారి వచ్చి కనిపించండి."

అత్తగారు ఫోన్ నా చేతిలో పెట్టి లేచారు. "విన్నావుగా, చెప్పలేం అన్నారు. ఆపరేషన్ది ఆపరేషనే. దెబ్బ తగిలి రక్తమొస్తే మైలేంటి? పద, ముహూర్తం దాటిపోతోంది." వేదాలు చదువుకున్నవాళ్ళు కూడా అంత త్వరగా తీర్పు చెప్పి ఉండరు. బీరువాలోంచి తన ముదురు మెరూన్ పట్టుచీర తీసి నా మీదకు విసిరారు.

పీటల మీద కూర్చున్నాను. లావణ్య చేతులు నా చేతుల్లో పెట్టుకుని, ధార పోస్తుంటే ఇద్దరం ఏడ్చాం. ఆ కాసేపూ నాకు ఏ బెంగా గుర్తు రాలేదు. అత్తగారు ఒక కండువా పట్టుకుని నా వెనక కాపలా నిలబడ్డారు. ఉయ్యూరు చిన్నత్తగారు దగ్గరికొచ్చి గుసగుసలాడటం నాకు వినబడింది.

"ఏంటక్కయ్యా, చీర మార్చారేం? అమ్మాయి మొహం కూడా పీక్కుపోయింది."

"రాళ్ళు" అన్నారు మా అత్తగారు తొణక్కుండా. "ఇంకో రెండు మిగిలాయంట."

భోజనాల్లో అత్తగారు నా పక్కనే కూర్చుని, నా ఆకులో ఒక బూరెను సగం విరిచి పెట్టారు. మిగతా సగం తన ఆకులో వేసుకుని, నా చెవి దగ్గరికి వంగారు. "నువ్వే కనిపెట్టావనుకున్నావా ఆ సాకు? మీ మామయ్య చెప్పాపెట్టకుండా చుట్టాల్ని వెంటేసుకొచ్చినప్పుడల్లా నేనూ బయట చేరేదాన్ని. నీకంటే నయం, తేదీలు కుదిరేట్టు చూసుకునేదాన్ని."

ఆ బూరె చేతిలో ఉండగానే నేను ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ప్రాణం మీదికొచ్చినా, ఎదురుగా పంచభక్ష్య పరమాన్నాలు పోసినా, రాని నెలసరిని వచ్చిందని ఈ నోటితో అనను. ఇప్పటికీ ఆ ఒట్టు మీదే ఉన్నాను.

మొన్న ఆదివారం మాత్రం అత్తగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ ఉయ్యూరు చిన్నత్తగారు మనందర్నీ భోజనాలకి పిలిచింది. ఆ ఎండలో నేను వెళ్ళలేను. నువ్వు బయట ఉన్నావు, వండిపెట్టడానికి నేను రావాలని చెప్పేశా. పౌర్ణమేగా, నమ్మింది."