ఎలక్షన్ బిట్ బ్యాంక్

నాకు ఈ దేశంలో ఓటు లేదు. ఓటు గురించి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మొత్తం ఎలక్టోరల్ ఓట్లు ఐదువందల ముప్పై ఎనిమిది, గెలవాలంటే రెండువందల డెబ్బై రావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ ఉన్న ఓట్లన్నీ ఒకరికే కట్టబెడతాయి. పోలింగ్ మంగళవారమే ఎందుకంటే, పాతకాలంలో రైతులు ఆదివారం చర్చికెళ్ళి, సోమవారం బండి కట్టుకుని బయల్దేరితే మంగళవారానికి ఊరు చేరేవాళ్ళట. ఇవన్నీ నాకు ఎందుకు తెలుసంటే, తెలుసుకోవడం తప్ప నేను చేయగలిగింది ఇంకేమీ లేదు.

న్యూజెర్సీలోని పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్లలో ఉన్న తెలుగువాళ్ళలో సగం మంది పరిస్థితి ఇదే. అందరం హెచ్1బీ వాళ్ళం. ఎవరు గెలిస్తే మా వీసాల గతి ఏమవుతుందోనని ఒకటే భయం, అలాగని చూడకుండా ఉండలేం. మన టీమ్ లేని వరల్డ్ కప్ చూస్తున్నట్టే, ఆటగాళ్ళ జాతకాలన్నీ బట్టీపట్టి కూర్చుంటాం. నాకది ఇంకాస్త ముదిరింది. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా పోలింగ్ ముందు శనివారం మా క్లబ్‌హౌస్‌లో క్విజ్ పెడతాను. ప్రశ్నలన్నీ నేనే తయారుచేస్తాను, తప్పు చెప్పినవాళ్ళతో నేనే గొడవపడతాను. మా ఆయన ఆ వారం నాతో మాట్లాడ్డం తగ్గించేస్తాడు.

మొన్నటి ఎలక్షన్‌కి మా పై ఫ్లాట్ అక్క ఫోన్ చేసింది. అక్కది ఒంగోలు పక్క పల్లెటూరు. వాళ్ళ అన్నయ్య స్పాన్సర్ చేసిన గ్రీన్ కార్డు ఏళ్ళ తరబడి నానీ నానీ వస్తే, అక్కడి టీచర్ ఉద్యోగం వదిలేసి, చిన్నపిల్లగా ఉన్న కూతుర్ని తీసుకుని భర్తతో ఇక్కడికొచ్చింది. ఇక్కడ ఒక డే కేర్‌లో పనిచేస్తోంది. ఆ ఏడాదే సిటిజెన్‌షిప్ వచ్చింది. ప్రమాణం చేసి బయటికొస్తుంటే వాకిట్లో ఓటర్ రిజిస్ట్రేషన్ టేబుల్ ఉందట, దాని మీదే పోలింగ్ రోజు పనిచేసేవాళ్ళు కావాలని కాగితాలు కూడా ఉన్నాయట. అక్క రెండూ నింపేసి వచ్చింది.

"ట్రైనింగ్‌కి రమ్మన్నారమ్మాయ్" అంది ఫోన్‌లో. "సిలబస్ ఏందో చెప్పు."

నాకు ప్రాణం లేచొచ్చింది. సిలబస్ అన్న మాట విని ఊరుకునే తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటారా? ఆ ట్రైనింగ్‌లో ఏం చెప్తారో కౌంటీ వాళ్ళ వెబ్‌సైట్‌లో రెండు నిమిషాల్లో చూడొచ్చు. ఆ ఆలోచన నాకూ రాలేదు, అక్కకీ రాలేదు. పిలిచారంటే పరీక్ష ఉంటుంది, పరీక్ష ఉంటే బిట్ బ్యాంక్ ఉండాలి. ఎంసెట్ రాసిన బుర్రలు మావి. ఆ వారాంతమే నా పాత క్విజ్ ప్రశ్నలన్నీ తిరగేసి, కొత్తవి చేర్చి, ప్రింట్ తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి అక్క చేతిలో పెట్టాను.

రోజూ సాయంత్రం అక్క వంట చేస్తుంటే నేను ప్రశ్నలు అడిగేదాన్ని.

"అధ్యక్ష అభ్యర్థుల్లో ఒకరి తల్లి మనవైపు నుంచి వచ్చింది. ఏ ఊరు?"

"మద్రాసు."

"ఒక ఉపాధ్యక్ష అభ్యర్థి భార్య పుట్టింటివాళ్ళది ఏ జిల్లా?"

"పశ్చిమ గోదావరి. ఇది ప్రశ్నేనా, మన వాట్సాప్ గ్రూపుల్లో నెల రోజులు తిప్పారు గదా."

"జీవితంలో మందు ముట్టనని చెప్పుకునే అభ్యర్థి?"

"చెప్తా గానీ, ఆ గరిట ఇటియ్యి."

"ఉపాధ్యక్ష అభ్యర్థుల్లో ఒకాయన అంతకు ముందు ఏం చేసేవాడు?"

"బడిపంతులు." ఆ జవాబు చెప్పి అక్క స్టవ్ తగ్గించింది. "మనూళ్ళో అయితే పాపం ఆయనకీ డ్యూటీ పడేది."

అప్పుడు చెప్పింది తన డ్యూటీల సంగతి. స్కూల్ టీచర్లకి ఎలక్షన్ డ్యూటీ అంటే చలిజ్వరం. ముందురోజే మిషన్లు మోసుకుని బస్సులో ఎక్కడో ఊరికి చేరాలి, ఆ బడిలోనే బెంచీల మీద పడుకోవాలి, తెల్లారకముందే ఏజెంట్లని కూర్చోబెట్టుకుని మిషన్ పనిచేస్తోందని చూపించాలి. అందరూ తప్పించుకోవడానికి మెడికల్ సర్టిఫికెట్లు పట్టుకు తిరిగేవాళ్ళు. అక్క కూడా తిరిగింది. దొరకలేదు. ప్రతి ఎలక్షన్‌కీ తిట్టుకుంటూనే వెళ్ళి, వేళ్ళకి సిరా పూసి, సీళ్ళు వేసి వచ్చేది.

"అక్కడ తప్పించుకోవాలని చూసి, ఇక్కడ ఏరికోరి వెళ్తున్నావేంటక్కా?" అన్నాను.

అక్క పోపు వేసింది. "అక్కడ నేను టేబుల్ ముందు కూర్చుంటే ఊరంతా నా ముందుకొచ్చి నిలబడేది" అంది. "ఇక్కడికొచ్చినప్పట్నుంచీ నేనే ఏదో ఒక టేబుల్ ముందు నిలబడతన్నా. ఒక్క రోజన్నా అటుపక్క కూర్చోవాలమ్మాయ్."

వీసా స్టాంపింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ కౌంటర్ ఇవతల నిలబడి అద్దంలోంచి లోపలివాళ్ళ మొహం చదవడానికి ప్రయత్నించేదాన్ని నేనూ. ఇంక ఈమెని ఆ కుర్చీలో కూర్చోబెట్టాల్సిందే అనుకున్నాను.

ట్రైనింగ్ రోజు నేనే కార్‌లో తీసుకెళ్ళాను. అక్కకి లైసెన్స్ ఉంది గానీ హైవే అంటే భయం. బిట్ బ్యాంక్ బ్యాగ్‌లో పెట్టుకుని లోపలికెళ్ళింది. నేను పార్కింగ్‌లో కూర్చుని, పిల్లల్ని ఎగ్జామ్ హాల్లోకి పంపిన తల్లిలా గోళ్ళు కొరుక్కున్నాను. రెండు గంటల తర్వాత మొహం ధుమధుమలాడిస్తూ వచ్చి డోర్ వేసింది.

"నీ మెయినూ రాలా, నెబ్రాస్కా రాలా."

"మరి ఏమడిగారు?"

"ఏమీ అడగలా. పరీక్షే లేదు. మిషన్ ఎట్ట తెరవాలో చూపించారు, పేరు ట్యాబ్‌లో ఎట్ట వెతకాలో చూపించారు. పేరు దొరక్కపోతే విడిగా ఓటు ఎట్ట వేయించాలో చెప్పారు." బిట్ బ్యాంక్ తీసి నా ఒళ్ళో పడేసింది. "ఆ హాల్లో అభ్యర్థుల ఊసే ఎత్తకూడదంట. ఎవరన్నా ఎత్తినా మనం నోరు మూసుకోవాలంట. నువ్వు నేర్పిందంతా చెప్పకూడనిదే."

నేను నవ్వు ఆపుకోవాలని చూశాను గానీ నా వల్ల కాలేదు. అక్క కాసేపు బిగదీసుకుని కూర్చుని తనూ నవ్వేసింది. అన్ని వారాల కోచింగూ అలా పార్కింగ్ లాట్‌లో బూడిదలో పోసిన పన్నీరైంది.

నవ్వుకుంటూ ఇంటికొస్తే అక్క కూతురు సోఫాలో ఉంది. ఆ వేసవిలోనే పద్దెనిమిది నిండాయి, ఇంటి నుంచే కాలేజీకి వెళ్తోంది. పద్దెనిమిది నిండకముందే తల్లితో పాటు సిటిజెన్‌షిప్ వచ్చేసింది కాబట్టి, దానికీ ఇదే మొదటి ఓటు. విషయం విని హెడ్‌ఫోన్స్ తీసింది.

"అమ్మా, నిజంగా చేస్తావా? డోంట్ డూ ఇట్. వాళ్ళకి నీ ఇంగ్లిష్ అర్థం అవదు. లైన్ లేట్ అవుతుంది, పీపుల్ విల్ గెట్ మ్యాడ్. నాకు భయం అవుతుంది నీ గురించి."

పిల్ల వెటకారంగా అనలేదు. నిజంగానే భయపడింది, అదే ఎక్కువ గుచ్చుకుంది. తల్లితో బ్యాంకులకీ డాక్టర్ల దగ్గరికీ వెళ్ళి, తల్లి మాటల్ని తను మళ్ళీ చెప్పి పెరిగిన పిల్ల అది. అక్క వంటింట్లోకెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. నాకు ఒళ్ళు మండింది గానీ ఎవరి మీదో తెలియలేదు.

మర్నాడు నేనే పైకెళ్ళి, "రిహార్సల్ వేద్దాం" అన్నాను. వంటింటి కౌంటర్‌కి అటు అక్క, ఇటు నేను. మధ్యలో మా ఐప్యాడ్. అక్క నన్ను పేరు అడగాలి, అడ్రస్ అడగాలి, ట్యాబ్‌లో వెతకాలి, సంతకం పెట్టించుకోవాలి. నేను చెవుడున్న ముసలాయన్నయ్యాను, ఆఫీస్‌కి లేటయ్యే మనిషినయ్యాను, మాటిమాటికీ విసుక్కునే మనిషినయ్యాను. ఆ చివరిది నాకు నటించక్కర్లేకుండానే వచ్చింది. మొదట్లో అక్క గొంతు లోపలికి పోయేది. నేను "వినపడట్లేదు" అని అరిచేదాన్ని. రెండో వారానికి, "సర్, ఐ విల్ హెల్ప్ యూ, ప్లీజ్ సే ఇట్ వన్స్ మోర్" అని నన్నే కూర్చోబెట్టేసింది. క్లాసులో అల్లరి పిల్లల్ని కూర్చోబెట్టిన గొంతది. ఇన్నేళ్ళూ లోపల దాచుకున్నది కాస్తా బయటికొచ్చింది.

ఒకటి మాత్రం అక్కకి చెప్పలేదు. ఆ ఐప్యాడ్ మీద వేలితో సంతకం పెట్టిన ప్రతిసారీ నాకు లోపల ఏదో అయ్యేది. ఉత్తుత్తి ఓటరునే అయినా, ఈ దేశంలో నా పేరు అడిగి, ఉందని చూసి, లోపలికి వెళ్ళమన్నది ఆ వంటింట్లోనే. నా గ్రీన్ కార్డు లైన్ ఏళ్ళ తరబడి అంగుళం కూడా కదల్లేదు. కదలనిదాని గురించి రోజూ ఏడుస్తూ కూర్చోలేం కదా, అందుకే క్విజ్‌లు పెట్టుకుంటాను.

పోలింగ్ ముందు శనివారం క్లబ్‌హౌస్ క్విజ్ మామూలుగానే జరిగింది. న్యూ హాంప్‌షైర్ కొండల్లో ఓ బుల్లి ఊళ్ళో అర్ధరాత్రి పన్నెండింటికే ఓట్లు వేసి లెక్కపెట్టేస్తారు, ఎందుకు అని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఊళ్ళో ఉన్న ఓటర్లందరూ వేసేస్తే అప్పుడే పోలింగ్ మూసేయొచ్చని అక్కడి రూలు, అక్కకి ఆ జవాబు నేనే పదిసార్లు చెప్పించాను. ఆశగా అటు చూశాను. బొబ్బట్టు తింటూ మొహం తిప్పుకుంది.

"తెలిసి కూడా చెప్పవేంటక్కా?" అన్నాను తర్వాత, కోపంగానే.

"ప్రాక్టీసు చేస్తన్నా" అంది. "పొద్దున్నుంచీ పొద్దుగూకేదాకా నోరు మూసుకుని కూర్చోవద్దూ?"

మంగళవారం ఇంకా చీకటి ఉండగానే అక్కని ఫైర్ స్టేషన్ దగ్గర దింపాను. మా అపార్ట్‌మెంట్లకి పోలింగ్ అక్కడే. నల్ల ప్యాంటు, ఇస్త్రీ కాటన్ కుర్తా, రెండు పూటలకీ సరిపడా పులిహోర. దిగేముందు సీటు బెల్టు పట్టుకుని అలాగే ఉండిపోయింది. "పిల్ల అన్నట్టు లైను ఆగిపోతే?" అంది. "ఆగితే ఆగుతుంది, వాళ్ళెక్కడికి పోతారు, దిగు" అన్నాను. దిగింది.

ఆ రోజు ఆఫీస్ పని చేశానని చెప్తే అబద్ధం. సాయంత్రం నాలుగింటికి అక్క కూతురు ఫోన్ చేసింది, కారు వాళ్ళ నాన్న తీసుకెళ్ళాడట, ఓటెయ్యడానికి నన్ను డ్రాప్ చేస్తారా ఆంటీ అని. తీసుకెళ్ళాను. నేను లోపలికి వెళ్ళకూడదు కాబట్టి కార్‌లోనే కూర్చున్నాను. గోడ పక్కన లైన్ కనపడుతోంది. ముందుకి కదులుతూనే ఉంది. అది చూశాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

పిల్ల తిరిగొచ్చి, డోర్ వేసుకుని, ముందు అద్దంలోకి చూస్తూ కూర్చుంది.

"ఆంటీ, అమ్మ నన్ను పేరు అడిగింది."

"ఏమడిగింది?"

"నా పేరు. నేను ఎవరో తెలీదు అన్నట్టు. నెక్స్ట్ ప్లీజ్ అంది, నేను వెళ్ళాను, మీ పేరు చెప్పండి అని ఇంగ్లిష్‌లో అడిగింది. నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. సో ఫుల్ నేమ్ చెప్పాను. తర్వాత అడ్రస్ అడిగింది. అమ్మ ఇల్లు కూడా అదే కదా ఆంటీ, అయినా మొత్తం చెప్పాను. సైన్ చేశాను. థాంక్యూ అని చెప్పింది నాకు." చేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంది. "నా ముందు ఒక ఓల్డ్ మ్యాన్ ఉన్నాడు. ఆయనకి ఏమీ వినపడదు. అమ్మ ఎంత బాగా హెల్ప్ చేసిందో. షీ వాజ్ సో గుడ్. అందరికీ అర్థం అయింది. నేను ఎందుకు అలా చెప్పానో."

నేను కారు స్టార్ట్ చేశాను. ఏమన్నా అంటే నేనూ ఏడ్చేదాన్ని. ఇంటికొచ్చాక ఆ పిల్ల తనంతట తనే అన్నం వండి, పప్పు పెట్టింది. నాకు తెలిసి అదే మొదటిసారి.

పోలింగ్ ముగిసి, మిషన్లకి సీళ్ళు వేశాక నేనే అక్కని తెచ్చుకోడానికి వెళ్ళాను. రేడియోలో అప్పుడే ఏ రాష్ట్రం ఎటో చెప్పడం మొదలుపెట్టారు. అక్క కూర్చోగానే షూస్ విప్పేసి, రేడియో కట్టేసింది. ఇన్నేళ్ళలో ఎలక్షన్ రోజు నా రేడియో కట్టేసే ధైర్యం ఎవరూ చేయలేదు.

"ఒకామె కొడుకునేసుకుని వచ్చింది" అంది. "బుడ్డోడు నన్ను చూసి, ఎన్నొస్తే గెలుస్తారు అని అడిగాడు. రెండువందల డెబ్బై అని నోటిదాకా వచ్చింది. దాంట్లో తప్పేం లేదు గానీ, ఆ తర్వాత ఆగనేమోనని భయమేసి మీ అమ్మనడుగు నాయనా అన్నా."

"కూతుర్ని కూడా పేరు అడిగావంట."

"రూలమ్మాయ్." కిటికీలోంచి చూస్తోంది. "ముందు నోరు పెగల్లా. నేను పెట్టిన పేరే గదా. అడిగా. అది నిటారుగా నిలబడి చెప్పింది. ఎంత పెద్దదయిందో అప్పుడు కనపడింది నాకు."

రూట్ ఫార్టీసిక్స్ సిగ్నల్ దగ్గర ఎర్ర లైట్ పడింది.

"నువ్వొచ్చిన రోజు నిన్నూ అడుగుతా" అంది అక్క. "ఏమీ అనుకోబాకు."

"నా లైన్ కదిలేదెప్పుడు, నేనొచ్చేదెప్పుడక్కా."

"ఎప్పుడన్నా రా. నేనెక్కడికి పోతా, ఆ టేబుల్ కాడే ఉంటా." నావైపు తిరిగి, వీపు నిటారుగా పెట్టి, పొద్దున్నుంచీ వాడి బొంగురుపోయిన గొంతుతో అడిగింది. "యువర్ నేమ్, ప్లీజ్?"

నేను ఇంటిపేరుతో సహా చెప్పాను. అడ్రస్ అడిగింది. బిల్డింగ్ నంబరూ, ఫ్లాట్ నంబరూ, ఊరూ, రాష్ట్రమూ, జిప్ కోడూ ఒక్కొక్కటే విడమరిచి చెప్తున్నాను. లైట్ ఎప్పుడు పచ్చగా మారిందో చూసుకోలేదు, వెనక కారువాడు హారన్ కొట్టాడు.