చెవి అందిన పిల్ల

తెల్లవారుజామున మా వీధి కుళాయి నీళ్ళు రాకముందు కాసేపు దగ్గుతుంది. పైపులో చిక్కుకున్న గాలంతా బుసబుసమంటూ బయటికి పోయి, ఆ తరువాత సన్నగా ధార మొదలవుతుంది. సాగర్ కాలువ చెరువు నుంచి వచ్చే ఆ నీళ్ళకు ఉప్పు లేదు. అన్నం తెల్లగా ఉడుకుతోంది, కందిపప్పు మెత్తబడుతోంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఉప్పునీళ్ళతో బతికిన ఊరు మాది. గారపట్టిన పళ్ళు చూసి, ఏ సంతలోనైనా సరే, మేం ఏ ఊరివాళ్ళమో చెప్పేసేవారు. అలాంటి ఊరికి తియ్యటి నీళ్ళొస్తే సంతోషించక ఏం చేస్తాం? నేనూ సంతోషిస్తాను. కానీ మొదటి గుక్క గొంతు దిగేటప్పుడు హుస్సేనయ్య మాస్టారు గుర్తొస్తారు. సిగ్గేస్తుంది. ఇన్నాళ్ళయినా ఆ సిగ్గు పలచబడలేదు.

ఆయన్ని చూడనివాళ్ళకు ఎలా చెప్పాలో తెలియదు. పొట్టి మనిషి, గట్టి గొంతు, కోపం ముక్కు మీదే ఉండేది. దూదేకులవారింట పుట్టారు. తండ్రి చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడట. "మా నాన్న దూదిని ఏకాడు, నేను మిమ్మల్ని ఏకుతున్నాను. దూదే నయంరా, నోరెత్తదు" అనేవారు. ఉద్యోగమంతా మా ఊరి బడిలోనే చేశారు, ఇల్లు కూడా ఇక్కడే కట్టుకున్నారు. నేను ఇప్పుడు పాఠం చెబుతున్నది ఆయన బడిలోనే. నల్లబల్ల మారింది కానీ గోడకు ఆయన కొట్టించిన మేకులు అలాగే ఉన్నాయి.

మిరప కోతలు మొదలైతే మా బడి సగం ఖాళీ అయ్యేది. చిన్న వేళ్ళు కొమ్మ విరక్కుండా కాయ కోస్తాయని పిల్లల్ని చేలకు తీసుకుపోయేవారు. ఇతర బళ్ళలో నెల తిరిగేసరికి రానివాళ్ళ పేర్లు కొట్టేసేవారు. మాస్టారు కొట్టేవారు కాదు. రోజూ హాజరు పిలిచేటప్పుడు రాని పిల్ల పేరు కూడా గొంతెత్తి పిలిచేవారు. "మిరపచేలో ఉంది సార్!" అని మేమంతా కోరస్‌గా అరిచేవాళ్ళం. ఒకరోజు తనిఖీకి వచ్చిన పెద్దమనిషి, "లేని పిల్లల్ని పిలుస్తారేమిటండీ?" అని నవ్వాడు. "పిలవకపోతే నిజంగానే లేకుండా పోతారండీ" అన్నారు మాస్టారు.

ఒక ఏడాది నన్ను కూడా చేలోకి పంపారు. కోతలయ్యాక బడికి వెళ్ళడానికి మొహం చెల్లక కిటికీ కింద నక్కి కూచున్నాను. లోపల నా పేరు వినిపించింది. "రమణ!" ఎవరూ పలకలేదు. ఇంకోసారి పిలిచారు. నాకు తెలియకుండానే "ఉన్నానండీ" అన్నాను, కిటికీ కింది నుంచే. "ఉంటే లోపలికి రావే పిల్లా, గోడకేం పాఠం చెప్పను" అన్నారాయన. నేను టీచరునవడానికి కారణం ఏమిటని ఎవరడిగినా ఏవో పెద్దమాటలు చెబుతాను గానీ, అసలు కారణం ఆ పిలుపే.

ఇక ఆ చెవి సంగతి. మా రోజుల్లో ఊళ్ళో పుట్టిన తేదీలు ఎవరికీ గుర్తుండేవి కావు. తుపానొచ్చిన ఏడనో, పెద్ద ఎద్దు చచ్చిన ఏడనో చెప్పేవారు. అందుకని బళ్ళో చేర్చేటప్పుడు పిల్ల చేత కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకోమనేవారు. అందితే ఐదేళ్ళు నిండినట్టు. అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి, పుట్టినరోజు జూలై ఒకటని రాసుకునేవారు. మా ఊళ్ళో నా ఈడువాళ్ళలో చాలామంది జూలై ఒకటినే పుట్టాం.

నేనూ కోటమ్మా ఒకేరోజు బళ్ళో చేరాం. కోటమ్మ తల్లి పడమటి నుంచి కోత ముఠాతో వచ్చి, ముఠా వెళ్ళిపోయినా ఇక్కడే ఉండిపోయిన మనిషి. కోటమ్మ చెయ్యి తల మీదుగా వెళ్ళి చెవిని శుభ్రంగా పట్టుకుంది. "పిల్ల ఏ ఊళ్ళో పుట్టిందమ్మా?" అని మాస్టారడిగారు. "ఊరని ఏం చెప్పనయ్యా, ఆ పెదకామందు కళ్ళంలో, ఎండబోసిన కాయల పక్కనే కన్నాను. పుడతానే తుమ్మింది" అందామె. "అయితే ఈ ఊరే. ఆ ఘాటుకి తుమ్మిందంటే ఈ ఊరి పిల్లే" అని రాసుకున్నారు. తరువాత నా వంతు. నా వేళ్ళు చెవికి బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. వచ్చే ఏడు తీసుకురావయ్యా అంటారేమోనని మా నాన్న మొహం మాడింది. మాస్టారు నా తల మీద రెండువేళ్ళు పెట్టి పక్కకు వంచారు. చెవే వచ్చి నా వేళ్ళకు తగిలింది. "అందిందిగా" అన్నారు, ఎటో చూస్తూ.

కోటమ్మ మూడో తరగతి దాటలేదు. మాకు అరెకరమైనా ఉంది కాబట్టి నేను తిరిగి రాగలిగాను. ఆమెకు తల్లి కూలి తప్ప ఏమీ లేదు. ఐదో తరగతి చివరిదాకా మాస్టారు ఆమె పేరు పిలుస్తూనే ఉన్నారు.

ఇన్నేళ్ళ తరువాత ఓటర్ల జాబితా మొదటి నుంచి సరిచూడాలన్నారు. మా పోలింగ్ బూత్‌కి ఇంటింటికీ తిరిగే పని నా మెడకు పడింది. ఈసారి ఆధార్ చాలదు, ఓటరు ఈ దేశంలోనే పుట్టినట్టు కాగితం చూపాలి. అక్కడితో ఆగితే బాగుండేది. కాగితాలు లోటు లేకుండా పూర్తిచేసిన పంచాయతీలకే మంచినీళ్ళ పైపులైను డబ్బు ముందు వస్తుందని మండలాఫీసు సమావేశంలో చెప్పారు. కాగితం లేని పేరు తీసేస్తే, మిగిలినవాళ్ళ లెక్క పూర్తయినట్టే. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు, అందరికీ అర్థమైంది. సర్పంచిగారు మా ఇంటికే వచ్చి కూచున్నారు. "మేడమ్ గారూ, మిగిలింది కొద్దిమందే. వాళ్ళ కోసం ఊరంతా ఉప్పునీళ్ళు తాగాలంటారా? ఆధారం దొరకలేదని రాసెయ్యండి. మీరేం అబద్ధం రాయట్లేదుగా" అన్నారు. నిజమే, అబద్ధం కాదు.

కోటమ్మ ఇంటికి వెళ్తే చేతిలో ఉన్న మిరపకాయల తొడిమలు వదిలేసి లేచి నిలబడింది. చిన్నప్పుడు "ఏమే రవణా" అని జడ పట్టి లాగిన పిల్ల, "కూచోండి టీచరుగారూ" అని కొనుక్కున్న టిన్నులోంచి మంచినీళ్ళు ముంచి ఇచ్చింది. కాగితం అడిగాను. ఎలా అడిగానో నాకే తెలియదు. "నా దగ్గరేముంటాయండీ? మాస్టారు రాశారు గదా బళ్ళో. మీరు పక్కనే ఉంటిరి" అంది. ఆ బడి దాఖలాలు తీసుకుని మండలాఫీసుకు వెళ్ళాను. అధికారి చూసి నవ్వాడు. "ఏంటి మేడమ్, మీ ఊళ్ళో అందరూ ఒకేరోజు కన్నారా?" గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నా పుట్టినరోజు కూడా అదేనని తెలిసీ, పదిమందితో పాటు నా నోరూ నవ్వింది.

మాస్టారి కాగితాల కోసం వెళ్ళినప్పుడు ఆయన వసారాలో మంచం మీద పడుకుని ఉన్నారు. ఆయనకు లేని కాగితం లేదు, పింఛను పుస్తకంతో సహా. ఆయన అవేమీ తియ్యలేదు. "కోటమ్మది తీసుకున్నావా?" అనడిగారు. జరిగింది చెప్పాను, నవ్విన సంగతి తప్ప. ఆయన లేచి చొక్కా వేసుకుని, "ఆటో పిలువు" అన్నారు.

దారిలో కోటమ్మను కూడా ఎక్కించుకుని, ముగ్గురం ఆ అధికారి ముందు నిలబడ్డాం. "ఇది రాసింది నేను. పిల్ల చెవి అందింది, కళ్లారా చూశాను. తల్లి ఇక్కడ కన్నానని నాతో చెప్పింది" అన్నారు మాస్టారు. "మీ మీద గౌరవం ఉందండీ. కానీ ఇది మీ ఊహ, రుజువు కాదు" అన్నాడు అధికారి. మాస్టారు నా వైపు తిరిగారు. "ఈ అమ్మాయిది కూడా నా ఊహే. అదే రోజు, అదే కలం. చెప్పమ్మా." నేను చెప్పాను. అది మాత్రం చెప్పాను. "నాది జూలై ఒకటేనండీ. కోటమ్మకు చెవి అందింది. నాకు అందలేదు. మాస్టారు తల వంచితే అందింది." అధికారి ఈసారి మర్యాదగా నవ్వాడు. "భలేవారే మేడమ్. మీరు గవర్నమెంట్ టీచరు, పదో తరగతి సర్టిఫికెట్ ఉంది. మీకెందుకండీ ఈ గొడవ? మీది వేరు." నా మాటను తోసేసి నన్ను మాత్రం నమ్మాడు. దోషిగా నిలబెట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు. కోటమ్మ కొంగు సర్దుకుంటూ, "పోనీలెండి మాస్టారూ, ఎండెక్కుతోంది" అంది. తనకోసం వచ్చినవాళ్ళను తనే ఓదార్చింది.

తన కాగితాలు మాస్టారు ఇవ్వలేదు. "ఆమెది చెల్లకపోతే నాదీ చెల్లదు. ఆమెది రాసింది నా చెయ్యేగా" అన్నారు. సర్పంచిగారు బతిమాలారు. "మీ పేరే లేకపోతే ఊరికి నామోషీ గదా మాస్టారూ!" "కోటమ్మ పేరుకు లేని నామోషీ నా పేరుకెందుకయ్యా?" గడువు తీరేరోజున రెండు పేర్ల ఎదుటా నేనే రాశాను, ఆధారం చూపలేదని. ఆ చెయ్యికి అక్షరాలు దిద్దించింది ఆయన.

ఓట్లరోజు నేను బడి గేటు పక్కన జాబితా ముందేసుకుని చీటీలు రాస్తున్నాను. మాస్టారు కర్ర ఊతతో వచ్చారు, వెనకే కోటమ్మ. ఇద్దరూ వరుసలో నిలబడి, వంతు వచ్చేదాకా ఆగి, నా బల్ల ముందుకొచ్చారు. "మీ పేర్లు లేవు మాస్టారూ" అన్నాను తలెత్తకుండా. "తెలుసమ్మా. లేని పేర్లే పిలవమంటున్నా. నీకు నేను నేర్పింది అదేగా."

వరుసంతా చూస్తోంది. "కోటమ్మ" అన్నాను. "ఉన్నానండీ" అంది కోటమ్మ, చేతులు కట్టుకుని, అచ్చం బళ్ళోలాగా. మాస్టారు కదల్లేదు. గురువుగారిని పేరుపెట్టి పిలవడం నేను ఎరగను. "దూదేకుల హుస్సేనయ్య" అన్నాను. కళ్ళలో నీళ్ళు జాబితా మీద పడ్డాయి. "ఉన్నాను" అన్నారాయన. వెనక్కి తిరిగి, కోటమ్మ భుజం పట్టుకుని నెమ్మదిగా వెళ్ళిపోయారు.

ఆ చలికాలం ఆయన పోయారు. పైపులైను కోసం అప్పటికి వీధి మధ్య కందకం తవ్వి ఉంది. దాని మీద చెక్కలు పరిచి ఆయన్ని దాటించారు. ఏటా జూన్‌లో బళ్ళో చేరే పిల్లలకు ఇప్పుడు అన్ని కాగితాలూ ఉంటున్నాయి. అయినా రాసుకోవడం అయ్యాక, చెవి పట్టుకో అంటాను. అందకపోతే తల కాస్త వంచుతాను. కోటమ్మ చేత మళ్ళీ దరఖాస్తు పెట్టించాను. చూస్తున్నాం అంటారు, చూస్తూనే ఉన్నారు.

ఈ ఉదయం కుళాయి దగ్గర ఆమె నాకన్నా ముందుంది. నన్ను చూసి బిందె పక్కకు జరిపింది. "మీరు పట్టుకోండి టీచరుగారూ, బడికి వేళవుతుంది."

"నువ్వు ముందొచ్చావు కోటీ, నువ్వే పట్టుకో" అన్నాను.

"ఎవరు ముందైతే ఏముందండీ, మన ఊరి నీళ్ళేగా" అని నా బిందె అందుకుని ధార కింద పెట్టింది. అది నిండేదాకా నేను ఆమె మొహంలోకి చూడలేకపోయాను.