ముక్కు దించిన విమానం

ఈ ఉదయం తలుపు బందులకు కుట్టుమిషను నూనె వేస్తుండగా, ఆ వాసనకు జబ్బార్ మియా జ్ఞాపకం వచ్చాడు. మేడ్చల్‌లో మా పక్కింటి దర్జీ. అతని దుకాణంలో బట్టల తానుల పక్కన ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో లోహంతో చేసిన కాంకార్డ్ నమూనాలు. శబ్దం కన్నా వేగంగా ప్రయాణికులను మోసి, అప్పటికే ఆకాశం విడిచిన విమానాలు. గల్ఫ్‌లోని బావమరిది ఒక్కొక్కటే పంపేవాడు. వాటి ముక్కులు నిజమైనవాటిలాగే కిందికి వంగేవి. ఆ సన్నని బందులకు జబ్బార్ మిషను నూనె చుక్క వేసేవాడు.

2011లో నా భార్య రుక్మిణికి చూపు పూర్తిగా పోయింది. అంతకన్నా నన్ను కలచివేసినది, ఆమె దేన్ని గురించీ అడగడం మానేయడం. నేను పత్రిక చదివి వినిపించేవాణ్ణి, వీధిని క్రమం తప్పక వర్ణించేవాణ్ణి. "ఊఁ" అనేది, అంతే.

ఒకనాడు ఆది జాకెట్టు ఇవ్వడానికి ఇద్దరమూ దుకాణానికి వెళ్లాము. బీరువాలో కొన్ని ముక్కులు పైకి, కొన్ని కిందికి ఉండడం నాకు సహించలేదు. అన్నింటినీ సమం చేయబోయాను.

"ఆగుండ్రి సార్! గా ఇమానం దిగుతాంది. ముక్కు లేపితే పైలటుకు రన్‌వే కనవడది," అన్నాడు జబ్బార్. "మీ బడి పిల్లలనుకున్నరా, లైన్ల నిలవెట్టనీకె?"

నవ్వుతూనే, తనకు ప్రాణమైన నమూనాను తీసి రుక్మిణి చేతుల్లో పెట్టాడు.

"మియా, ముక్కు విరిగితే మళ్ల దొరకది. ఎట్లుంటదో నేను చెప్త గద!" అన్నాను.

"మీరు జెప్తే అది మీ ఇమానం అయితది. జర సప్పుడు జేయకుండ్రి."

ఆమె వేళ్లు రెక్కల అంచు వెంట నిదానంగా సాగి, ముక్కు దగ్గర ఆగాయి. టిక్కుమన్నది. విరిగిందనే అనుకున్నాను. విరగలేదు, వంగింది.

"ఏందన్నా, ఇది తల వంచింది?"

ఎన్నో నెలల తరువాత ఆమె నోట వచ్చిన తొలి ప్రశ్న అది.

"కిందికి సూస్తాంది వదినమ్మా. దిగాలె గద."

"గిట్లాంటిది ఇంకోటున్నదా?"

ఆ మధ్యాహ్నం బీరువా మొత్తం ఆమె ఒడిలో దిగింది. జాకెట్టు సంగతి ముగ్గురమూ మరిచాము.

జబ్బార్ ఇప్పుడు లేడు. ఇంటికి కొత్త వస్తువేది వచ్చినా ముందు ఆమె చేతికిస్తాను. నిన్న పక్క ఊరు అత్వెల్లి నుంచి ఒక కాయ తెచ్చాను. ఆమె దాన్ని తిప్పి, తొడిమ తడిమి, వాసన చూసింది. దాని పేరు నా పెదవుల దాకా వచ్చింది.

"ఉండుండ్రి, చెప్పకుండ్రి," అన్నది.

నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.